పాత కారు గద్దెలు: కొత్త గుడ్డ కన్నా పాత పనితనం మిన్న

ఇంట్లో పాత వస్తువు ఒకటి పాడయితే రెండు మాటలు వినిపిస్తాయి. 'పారేసి కొత్తది తెద్దాం' అనేది పిల్లల మాట. 'అబ్బాజాన్ వాడిన వస్తువు, వుండనివ్వండి' అనేది పెద్దల మాట. ఆ వస్తువు పాత కారు అయితే ఈ తగవు సీటు దగ్గరే మొదలవుతుంది. ఇంజను సంగతి మెకానిక్‌కు వదిలేస్తాం. రంగు సంగతి పెయింటర్‌కు వదిలేస్తాం. సీటు మాత్రం మనం కూర్చునే చోటు, తాతగారు కూర్చున్న చోటు. అది చిరిగితే ప్రతివారికీ ఒక అభిప్రాయం వుంటుంది. ఏం చెయ్యాలన్న విషయం తెలిసినవారు మాత్రం తక్కువ.

హైదరాబాద్‌లో ఇప్పటికీ ఎన్నో ముస్లిం కుటుంబాల షెడ్లలో పాత అంబాసిడర్లు, ఫియట్లు, అక్కడక్కడ అంతకన్నా పాత విదేశీ కార్లు కవరు కింద నిలబడి వున్నాయి. వాటి గద్దెలు తిరిగి కుట్టించే పని ఎలా జరుగుతుంది, ఎక్కడ జాగ్రత్తపడాలి, ఆ పని తెలిసిన చేతులు ఏమవుతున్నాయి అనే విషయాలను ఈ వారం పాఠకుల ముందు వుంచుతున్నాము.

బషీరుద్దౌలా తోట

సీటు కవర్లు అనగానే నగరవాసులకు గుర్తొచ్చే చోట్లలో బషీర్‌బాగ్ ఒకటి. ఈ పేరు వెనుక ఒక అమీరు వున్నారు. పాయెగా వంశానికి చెందిన సర్ ఆస్మాన్ జా 1887 నుంచి 1894 వరకు హైదరాబాద్ రాజ్యానికి ప్రధానిగా పనిచేశారు. ఆయన బిరుదుల్లో బషీరుద్దౌలా ఒకటి. ఆయన ఇక్కడ కట్టించిన భవనం, తోట బషీర్‌బాగ్ అయ్యాయి. భవనం కూలిపోయింది, తోట పోయింది, పేరు మాత్రం మిగిలింది. పక్కనే నిజాం కాలేజీ, కాస్త దూరంలో ఏడవ నిజాం నివసించిన కింగ్ కోఠీ వున్నాయి. ఒకప్పుడు అమీర్ల బగ్గీలు, ఆ తర్వాత వారి మోటార్లు తిరిగిన దారులివి.

నేడు ఈ ప్రాంతంలోని కార్ డెకార్ దుకాణాల ముందు కొత్త కార్లు వరసగా ఆగుతాయి. రెడీమేడ్ కవరు ఎంచుకుంటే గంటా రెండు గంటల్లో తొడిగి పంపిస్తారు. అది ఒక వ్యాపారం. పాత కారు గద్దెను విప్పి, స్ప్రింగు నుంచి పైపింగు దాకా తిరిగి కట్టడం మరో విద్య. మొదటిది దుకాణంలో దొరుకుతుంది. రెండోదానికి ఉస్తాద్‌ను వెదకాలి.

తెలుగులో గద్దె అంటే కూర్చునే చోటే కాదు, సింహాసనం కూడా. ఉర్దూలో గద్దీ కూడా అంతే. రెండు భాషల్లోనూ రాజు కూర్చునేదానికీ, రైతు కూర్చునేదానికీ ఒకే మాట వుండటం గమనించదగ్గది.

నిజాం కారులో సింహాసనం

గద్దె, సింహాసనం నిజంగానే ఒక్కటైన కారును చూడాలంటే చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లాలి. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఇంగ్లండులోని రోల్స్ రాయిస్ కంపెనీ నుంచి ఒక సిల్వర్ ఘోస్ట్ కారుకు ఆర్డరు ఇచ్చారు. 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. కారు ఆయన కుమారుడు, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో వాడుకలోకి వచ్చింది. పసుపు రంగు బాడీ, గుమ్మటంలా పైకి లేచిన కప్పు, వెనుక భాగంలో నిజాం కూర్చోవడానికి ఎత్తుగా అమర్చిన సింహాసనం వంటి ఆసనం దాని ప్రత్యేకతలు. అందుకే దానికి 'థ్రోన్ కార్' అన్న పేరు స్థిరపడింది. ఏనుగు మీది అంబారీయే చక్రాల మీదికి దిగిందా అనిపిస్తుంది. చాలా కాలం మూలన పడి వున్న ఈ కారుకు తర్వాత మరమ్మతులు చేయించి పూర్వపు రూపం తెచ్చారు.

ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ కంపెనీ కారు మొత్తం తయారు చేసేది కాదు. ఇంజను, చట్రం, చక్రాలు మాత్రమే కంపెనీవి. పైభాగం, గద్దెలు, లోపలి అలంకరణ అంతా బగ్గీలు తయారు చేసే పాత కార్ఖానాలవారి పని. నిజాం కారు బాడీని లండన్‌లోని బార్కర్ సంస్థ కట్టింది. కాబట్టి తొలినాటి కారు సీటు కుట్టినవారు నిన్నటి దాకా గుర్రపు బగ్గీలకు సీట్లు కుట్టినవారే. పాత సీట్లను అర్థం చేసుకోవడానికి ఈ సంగతి తెలిసి వుండాలి. గోనె గుడ్డ, పురికొస, స్ప్రింగులు, గుర్రపు వెంట్రుకలు, దూది, పైన తోలు లేదా గుడ్డ అన్న క్రమం బగ్గీ నుంచి కారుకు వచ్చినదే.

తోలు డ్రైవరుకు, గుడ్డ దొరకు

నేడు లెదర్ సీటు అంటే గొప్ప. వందేళ్ల కిందట దీనికి తిరగబడిన లెక్క వుండేది. పెద్ద కార్లలో డ్రైవరు కూర్చునే ముందు భాగం చాలావరకు తెరచి వుండేది. ఎండా వానా తగిలే చోటు కనుక అక్కడ తోలు వేసేవారు. యజమాని కూర్చునే వెనుక గది అద్దాలతో మూసి వుండేది. అక్కడ మెత్తటి ఉన్ని గుడ్డో, పట్టు నేతో వేసేవారు. అంటే తోలు నౌకరుకు, గుడ్డ దొరకు. పాత కారు కొన్నవారు ఈ విషయం తెలియక వెనుక సీటుకున్న గుడ్డను పీకేసి, 'రాజుల కారు కదా' అని మెరిసే తోలు వేయిస్తే కారు చరిత్రను చెరిపినట్లే.

రెగ్జిన్ సంగతి కూడా చెప్పుకోవాలి. ఇది మన భాషలో ఒక వస్తువు పేరుగా స్థిరపడిపోయింది కాని, మొదట ఇంగ్లండులోని ఒక కంపెనీ తన సరుకుకు పెట్టుకున్న పేరు. నూలు గుడ్డ మీద రసాయన పూత పూసి, తోలు గీతలు అచ్చు వేసి అమ్మేవారు. నేడు రెగ్జిన్ పేరుతో మనకు దొరికేది చాలావరకు పీవీసీ పూత గుడ్డ. తోలు గాలి పీలుస్తుంది, పీవీసీ పీల్చదు. మే నెల ఎండలో కారు తలుపు తీసి రెగ్జిన్ సీటు మీద కూర్చున్నవారికి ఈ తేడా వేరే చెప్పనవసరం లేదు. సచివాలయానికి వెళ్లే అంబాసిడర్ కార్ల వెనుక సీటు మీద పరిచి వుంచిన తెల్ల టవలు అధికారానికి గుర్తు అని చాలామంది అనుకునేవారు. నిజానికి అది చెమటకు విరుగుడు కూడా.

మష్రూ చెప్పే పాఠం

పట్టు గద్దె మాట వచ్చింది కనుక మన కుటుంబాల్లో తరచు వచ్చే ఒక ప్రశ్నను దాటిపోలేము. పురుషులు పట్టు బట్ట ధరించడం ధర్మం వారించిన విషయం. పట్టు మీద కూర్చోవడం మాటేమిటి? సహీహ్ బుఖారీలోని ఉల్లేఖనాలలో పట్టు మీద కూర్చోవడం గురించీ, వాహనపు జీనుపై పరిచే పట్టు మెత్తల గురించీ దైవప్రవక్త (స) వారింపు కనిపిస్తుంది. ఫిఖా గ్రంథాలలో ఇమామ్ అబూ హనీఫా పట్టు దిండుపై ఆనుకోవడానికి, పరుపుగా వాడుకోవడానికి అవకాశం వుందన్నారు. ఆయన శిష్యులైన ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ దానిని అయిష్టకరమన్నారు. గుర్రపు జీను నాడు వాహనపు సీటే కదా! పధ్నాలుగు వందల ఏళ్ల కిందటి చర్చ నేటి కారు గద్దెకూ అంత సూటిగా వర్తిస్తుంది. సొంత కారు విషయంలో సందేహం వున్నవారు తమ ఆలిమ్‌ను అడిగి నిర్ణయించుకోవడం మేలు.

ఈ చిక్కుకు మన నేతగాళ్లు మగ్గం మీదనే ఒక దారి కనిపెట్టారు. అదే మష్రూ. పడుగు పట్టు, పేక నూలు. పైకి కనిపించే వైపు పట్టు మెరుపు, ఒంటికి తగిలే వైపు నూలు. షరీఅత్ అనే మాటకు మూలమైన అరబీ ధాతువు నుంచే మష్రూ అనే పేరు పుట్టింది. ధర్మసమ్మతమైనది అని అర్థం. ఖరీదైన కిమ్‌ఖాబ్‌కు ప్రత్యామ్నాయంగా పట్టు, నూలు కలిపి నేసే హిమ్రూ కూడా ఈ కోవలోదే. నిజాం రాజ్యంలో భాగమైన ఔరంగాబాద్ హిమ్రూకు పేరుపొందింది. తర్వాతి కాలంలో ఈ నేతలు కనుమరుగయ్యే దశలో హైదరాబాద్‌లో మగ్గాలు పెట్టించి, నేత తెలిసిన పెద్దలను పిలిపించి వాటిని నిలబెట్టినవారు సురయ్యా హసన్ బోస్. నేతాజీ సుభాష్ చంద్ర బోస్ సహచరుడు ఆబిద్ హసన్ సఫ్రానీ ఆమెకు బాబాయి. ఆమె 2021లో కన్నుమూశారు. గుడ్డ నేసేవారు మిగిలితేనే గద్దె కుట్టేవారికి పని అన్న సత్యానికి ఆమె జీవితం సాక్ష్యం.

తోలు విషయంలో కూడా ఒక మాట. శుద్ధి చేసిన తోలు వాడకానికి హనఫీ మతంలో అభ్యంతరం లేదు, పంది తోలు తప్ప. తోలు శుద్ధి చేయడాన్ని మన పెద్దలు దబాగత్ అంటారు. కారు సీట్లకు ఎక్కువగా వాడేది ఆవు, ఎద్దు జాతి తోలే. అయినా దిగుమతి సరుకు కొనేటప్పుడు ఏ జంతువుదో అడిగి తెలుసుకోవడంలో తప్పు లేదు. చిరుతపులి చర్మాలను ఆసనంగా వాడవద్దన్న హదీసు కూడా వుంది. నేడైతే అలాంటి చర్మం దగ్గర వుంచుకోవడం చట్టరీత్యా నేరం.

గద్దె విప్పితే

పని తెలిసిన ఉస్తాద్ కత్తెర పట్టడానికి ముందు కళ్లు పెడతాడు. నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయించుకుంటాడు. నిలువు మడతలు ఎన్ని, ఒక్కొక్కటి ఎన్ని అంగుళాలు, పైపింగు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోంది రాసుకుంటాడు. తర్వాత సీటును కారులోంచి బయటకు తీసి, చట్రానికి గుడ్డను పట్టి వుంచిన ఇనుప క్లిప్పులను ఒకటొకటిగా విప్పుతాడు. పాత కవరును చింపడు. కుట్లు మాత్రం తెంపి ముక్కలు విడదీస్తాడు. ఆ ముక్కలే కొత్త కవరుకు కొలతలు. పాత కవరును ముందుగానే చెత్తలో పడేసినవాడికి ఆ తర్వాత కొలత చెప్పేవారు వుండరు.

కింద గోనె గుడ్డ చివికి వుంటుంది. కొన్ని స్ప్రింగులు తుప్పు పట్టి, కొన్ని పక్కకు వాలి వుంటాయి. విరిగినవాటిని మార్చి, మిగతావాటిని శుభ్రం చేసి, అన్నీ ఒకే ఎత్తుకు వచ్చేలా తిరిగి కట్టాలి. మన దేశపు పాత కార్లలో స్ప్రింగుల మీద కొబ్బరి పీచు, దాని మీద దూది కనిపిస్తాయి. పాత విదేశీ కార్లలో గుర్రపు వెంట్రుకలు వుంటాయి. వాటిని చూసి 'ఇదేం చెత్త' అని పారేసేవారున్నారు. ఆ వెంట్రుకలను కడిగి, ఆరబెట్టి, చేత్తో విడదీస్తే తిరిగి పొంగుతాయి. మళ్లీ ఎన్నో ఏళ్లు పనిచేస్తాయి. నేటి ఫోమ్ అంత కాలం నిలవదు. కొన్నేళ్లకు పొడి పొడిగా రాలుతుంది.

ఇక్కడే యజమానులు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. 'భాయ్, ఫోమ్ జర్రా జ్యాదా డాల్‌దో' అని అడుగుతారు. మెత్తగా వుంటుందని ఆశ. ఫోమ్ పెరిగితే సీటు ఎత్తు పెరుగుతుంది. తల కప్పుకు తగులుతుంది, తొడలు స్టీరింగుకు ఆనతాయి, కాలు బ్రేకు మీదికి వెళ్లే కోణం మారుతుంది. అంబాసిడర్ వంటి కారు ముందు సీటు ఒకే పొడవాటి బల్ల గనుక ఆ ఎత్తు డ్రైవరుకే కాదు, పక్కన కూర్చున్నవారికీ ఇబ్బందే. స్ప్రింగు బాగుచేయకుండా పైన ఫోమ్ వేయడమంటే కూలుతున్న గోడకు సున్నం వేయడమే.

తోలు కోయడంలో మరింత ఓర్పు కావాలి. ఒక పెద్ద పశువు తోలు సుమారు 50 చదరపు అడుగులుంటుంది. అదంతా ఒకేలా వుండదు. వీపు భాగం గట్టిది, పొట్ట భాగం సాగుతుంది. బరువు పడే చోటికి వీపు తోలు, కనిపించని అంచులకు మిగతాది వాడాలి. పొట్ట తోలును నడిమధ్యన వేస్తే ఏడాదిలో సీటు కుంగి ముడతలు పడుతుంది. తోలు సూదికి మొన చిన్న కత్తిలా వుంటుంది. అది దారాలను పక్కకు తోయదు, కోస్తుంది. గుడ్డలో తప్పు కుట్టు విప్పితే గుర్తు పోతుంది. తోలులో పడిన రంధ్రం ఎన్నటికీ పూడదు. కనుక ఉస్తాద్ పది సార్లు కొలిచి ఒక్కసారి కుడతాడు.

ఏది వుంచాలి, ఏది మార్చాలి

పాతదంతా మార్చడమే బాగుచేయడం అనుకోవడం సరికాదు. తోలు ఎండి గట్టిపడి, కుట్లు మాత్రమే తెగి వుంటే దానిని శుభ్రం చేసి, మెత్తబరిచి, తిరిగి కుట్టవచ్చు. ఒక ముక్క చిరిగితే వెనుక నుంచి గుడ్డ అతికి నిలబెట్టవచ్చు. పొడి పొడిగా రాలిపోతున్న తోలును మాత్రం మార్చక తప్పదు. కొంతమేరకు మార్చి, కొంతమేరకు వుంచినప్పుడు రంగులో తేడా వస్తుంది. కొందరికి అది లోపంగా కనిపిస్తుంది. వయసు తెలిసినవారికి అది నిజాయితీగా కనిపిస్తుంది.

చట్టం కూడా ఇప్పుడు అసలు రూపానికి విలువ ఇస్తోంది. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, చట్రం, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో వుంచిన వాహనాలకు వింటేజ్ గుర్తింపు ఇచ్చింది. వీటి నంబరు ప్లేటులో రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత పునరుద్ధరణకు 5,000 రూపాయలు ఫీజుగా నిర్ణయించారు. ఈ వాహనాలను ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తీసుకెళ్లవచ్చు గాని రోజువారీ తిరుగుడుకు వాడరాదు. సీటు గుడ్డ మారినంత మాత్రాన గుర్తింపు పోదు. అయితే అసలు రూపాన్ని కాపాడాలన్న స్ఫూర్తి గద్దెకు కూడా వర్తించాలని మా మనవి.

అంబాసిడర్ ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. ఆ కారు ఇక పుట్టదు. మన షెడ్డులో వున్నదే మిగిలినది.

పని ఇచ్చేవారికి కొన్ని సూచనలు. బేరం ముందే తేల్చుకోండి. ఏ గుడ్డ, ఏ తోలు, ఏ దారం వాడతారో కాగితం మీద రాయించుకోండి. నూలు దారం చెమటకు చివుకుతుంది గనుక నైలాన్ లేదా పాలియెస్టర్ దారం అడగండి. పాత కవరు ముక్కలు తిరిగి ఇమ్మనండి. పని పూర్తయిన తర్వాత కారును నీడలో వుంచండి. తోలు మీద కొబ్బరి నూనె రాయవద్దు, అది దుమ్మును పట్టి తోలును నల్లబరుస్తుంది. తడి పిండేసిన గుడ్డతో తుడిచి, తోలుకు తగిన క్రీము కొద్దిగా రాస్తే చాలు. నెలకొకసారైనా తలుపులు తీసి గాలి తగలనివ్వండి. ఎలుకలకు గుర్రపు వెంట్రుకలంత ఇష్టమైన గూడు మరొకటి వుండదు.

పని చేసేవారికి కూడా ఒక మాట. కారు మీ దగ్గర అమానతు. సీటు కింద చేరిన పాత నాణెం, తప్పిపోయిన చెవిపోగు, నలిగిన ఉత్తరం కూడా అమానతే. దానిని యజమాని చేతిలో పెట్టిన ఉస్తాద్‌కు మరో పది ఇళ్ల నుంచి పని వస్తుంది. తోలు డబ్బు తీసుకుని రెగ్జిన్ కుట్టినవాడికి ఆ ఒక్క పనే మిగులుతుంది.

ఉస్తాద్ తర్వాత ఎవరు?

అసలు భయం గుడ్డ గురించి కాదు, చేతుల గురించి. కుషన్ పనిలో తరతరాలుగా మన కుటుంబాలవారు చాలామంది వున్నారు. ఇప్పుడు కవర్లు ఫ్యాక్టరీల్లో కొలతకు కోసి, డబ్బాలో పెట్టి వస్తున్నాయి. దుకాణంలోని కుర్రవాడికి తొడగడం వస్తే చాలు, కుట్టడం రానవసరం లేదు. అలాగని కొత్త కార్ల పని సులువని కాదు. సీటు పక్కనే ఎయిర్‌బ్యాగు వున్న కార్లకు బిగుతు కవరు తొడిగితే ప్రమాద సమయంలో అది తెరచుకోకపోవచ్చు. ఎక్కడ కుట్టాలో, ఎక్కడ వదలాలో తెలిసిన మనిషి అవసరం పెరిగిందే గాని తగ్గలేదు. నేర్చుకునేవారే తగ్గారు.

ఉస్తాద్‌లతో మాట్లాడితే, 'మా అబ్బాయికి ఈ పని వద్దు, చదువుకోనివ్వండి' అంటారు. ఆ కోరిక న్యాయమైనది. 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం చట్టరీత్యా నేరం, మన దృష్టిలో అన్యాయం కూడా. పిల్లవాడి చోటు బడి. అయితే చదువుకు, పనికి వైరం వుందని ఎవరు చెప్పారు? కొలత తీయడం లెక్కల పాఠం. తోలు మెత్తబరచడం రసాయన పాఠం. డిగ్రీ చదివిన యువకుడు ఈ పని నేర్చుకుంటే నెట్‌లో పాత కారు ఫోటో చూసి అసలు డిజైను పట్టగలడు, బిల్లు రాయగలడు, ముంబయి యజమానితో మాట్లాడి పని తెప్పించుకోగలడు. ఉస్తాద్ దగ్గర చెయ్యి వుంది, షాగిర్ద్ దగ్గర చదువు వుంది. రెండూ ఒక దుకాణంలో కలిస్తే ఈ విద్య బతుకుతుంది.

అందుకు కొంత చొరవ కావాలి. ఉస్తాద్‌లు తమ దగ్గరున్న అట్ట కొలతల మీద కారు పేరు, సంవత్సరం రాసి భద్రపరచాలి. వారి పనిని ఫోన్‌లో వీడియో తీసి పెట్టడానికి ఖర్చేమీ లేదు. మస్జిద్ కమిటీలు, విద్యా సంస్థలు వేసవి సెలవుల్లో పెద్ద విద్యార్థులకు ఉస్తాద్‌ల చేత నెల రోజుల శిక్షణ ఇప్పించవచ్చు. నేర్పినందుకు ఉస్తాద్‌కు రుసుము ఇవ్వాలి, ఊరికే అడగరాదు. పాత కార్ల యజమానులు కూడా తొందరపెట్టకుండా, పని విలువకు తగిన కూలి చెల్లించాలి. నెల రోజులు పట్టే పనికి వారం రోజుల డబ్బు ఇచ్చి, 'మంచి పనివాళ్లు లేరు' అని వాపోవడం న్యాయం కాదు.

బషీరుద్దౌలా భవనం పోయినా ఆయన పేరు నిలిచింది. పాత పనివాళ్లకు ఆ భాగ్యం కూడా లేదు. నిజాం సింహాసనపు కారుకు గద్దె కుట్టినవాడి పేరు మనకు తెలియదు, అతని కుట్టు మాత్రమే తెలుసు. మీ ఇంటి కారు గద్దె కుట్టించినప్పుడు ఉస్తాద్ పేరు, తేదీ ఒక చీటీ మీద రాసి సీటు చట్రంలో పెట్టించండి. ముప్పై ఏళ్ల తర్వాత దానిని విప్పే మనుమడికి ఆ చేతి పేరు తెలుస్తుంది.